లెక్కలోకి రాని అడుగులు

బస్సు గురించి మాట్లాడుకోని ఇల్లు మన వరంగల్లులో ఉండదు. "ఆఫీసుల వేళకు ఒకదాని వెనక ఒకటి నాలుగొస్తాయి, మధ్యాహ్నం ఆస్పత్రికి పోదామంటే ఒక్కటీ కనపడదు" అని ఒకరంటారు. "బస్సు సంగతి తర్వాత, స్టాపు దాకా నడవడానికి దారేది వదినా?" అని ఇంకొకరంటారు. ఈ మాటలు కూరగాయల బండి దగ్గర అనుకుని, అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేస్తాం. కాని ఏ దారిలో, ఏ వేళకు, ఎన్ని బస్సులు నడపాలో, ఎంత వెడల్పు దారి వెయ్యాలో ఎవరో ఒక లెక్క వేస్తారు. దానికొక శాస్త్రముంది. ఆ లెక్క ఎలా వేస్తారు, అందులో మన ఆడవాళ్ళ ప్రయాణాలకు ఎంత చోటుంది అనే రెండు సంగతులు ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

"లెక్కలు మాకెందుకమ్మా" అనకండి. ఇంట్లో పెళ్ళంటే మొదటి లెక్క మనదే కదా! ఏ ఇంటి నుంచి ఎందరొస్తారు? వాళ్ళలో ముహూర్తానికి ఎందరు, రాత్రి విందుకు ఎందరు? బస్సులో దిగేవాళ్ళెవరు, సొంత బండ్లమీద వచ్చేవాళ్ళెవరు? ఏ దారిన వస్తారు, ఎక్కడ ఎదురు వెళ్ళాలి? ఈ నాలుగూ తేలితేనే బియ్యం ఎన్ని కొలవాలో, విస్తళ్ళు ఎన్ని తేవాలో తెలుస్తుంది.

రవాణా ఇంజనీర్లు వేసే లెక్క కూడా అచ్చంగా ఇదే. 1950ల్లో అమెరికాలోని డెట్రాయిట్, షికాగో నగరాల్లో ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. ఊరిని చిన్న చిన్న పేటలుగా విడదీస్తారు. ఒక్కో పేట నుంచి రోజుకు ఎన్ని ప్రయాణాలు బయలుదేరతాయి అన్నది మొదటి ప్రశ్న. అవి ఏ పేటకు పోతాయి అన్నది రెండోది. బస్సా, ఆటోనా, స్కూటరా, కాలినడకా అన్నది మూడోది. ఏ రోడ్డు మీదుగా అన్నది నాలుగోది. ఈ నాలుగు మెట్లూ ఎక్కి చివరికి తయారుచేసే దాన్ని ప్రయాణాల గిరాకీ నమూనా అంటారు.

రెండో మెట్టులో ఒక చక్కని సూత్రం ఉంది. పెద్ద చోటు ఎక్కువమందిని లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. భూమి ఆకర్షణ శక్తి గురించి బళ్ళో చదువుకున్నాం చూడండి, అలాంటిదే. ఎనుమాముల మార్కెట్టు యార్డుకు ఎక్కడెక్కడి రైతులో వస్తారు. వీధి చివరి కిరాణా కొట్టుకు ఆ వీధివాళ్ళే వస్తారు. ఈ తేడాను అంకెల్లో పెడితే, ఏ పేట నుంచి ఏ పేటకు ఎందరు పోతారో అంచనా దొరుకుతుంది.

మన నగరం మూడూళ్ళ కలయిక. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట మూడూ ఒక తాడుకు కట్టిన ముడుల్లా ఉంటాయి. కాజీపేట జంక్షను నుంచి వరంగల్లు స్టేషనుకు రైలు దారిలో సుమారు 10 కిలోమీటర్లు. రైలు దిగేది ఒకచోట, ఆస్పత్రి ఒకచోట, కచేరీలు ఇంకోచోట. కనుక ఈ ముడుల మధ్య అటూ ఇటూ తిరగడం మనకు తప్పదు. ఈ శాస్త్రం నేర్పే చోటు కూడా మన ఊళ్ళోనే ఉంది. 1959 అక్టోబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ 2002లో ఎన్.ఐ.టి. అయింది. అక్కడ రవాణా ఇంజనీరింగ్ ప్రత్యేకంగా చదువుకునే పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు.

అంచనా తప్పితే ఏమవుతుందో, సరిగ్గా వేస్తే ఎంత దగ్గరికి వస్తుందో చెప్పే కథ ఒకటుంది. 1972లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే కొత్త రైలు మొదలైంది. పనులకు వెళ్ళేవాళ్ళలో 15 శాతం మంది అది ఎక్కుతారని అధికారుల అంచనా. డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఇంకోలా లెక్క వేశారు. రోజూ పనికి వెళ్ళే కొన్ని వందల మందిని విడివిడిగా అడిగారు. ఎంతసేపు నడుస్తారు, ఎంతసేపు ఎదురు చూస్తారు, ఛార్జీ ఎంతవుతుంది, ఇంట్లో కారుందా, ఇలా. 6.3 శాతమే ఎక్కుతారని తేల్చారు. తీరా ఎక్కింది 6.2 శాతం! మనుషులు ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని ఎలా ఎంచుకుంటారో లెక్కగట్టే ఆ పద్ధతికే 2000లో మెక్‌ఫాడెన్‌గారికి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి పరిశీలనల్లో తేలిన ఒక సంగతి మనకు కొత్తేమీ కాదు. బస్సులో కూర్చున్న పది నిమిషాల కన్నా ఎండలో స్టాపు దగ్గర నిలబడ్డ పది నిమిషాలు బరువు. చాలా లెక్కల్లో ఎదురుచూపుకు సుమారు రెట్టింపు విలువ కడతారు. చంకలో బిడ్డ ఉంటే ఎన్ని రెట్లో మనల్ని అడిగితే చెబుతాం.

అసలు చిక్కు ఇక్కడే ఉందమ్మా. అడిగినవాళ్ళ ప్రయాణమే లెక్కలోకి వస్తుంది. అడగనివాళ్ళది రాదు.

కాజీపేటలో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకోండి. పొద్దున్నే పిల్లవాణ్ణి నడిపించుకుని బళ్ళో దింపుతుంది. అక్కడినుంచి షేర్ ఆటోలో హనుమకొండ వచ్చి బ్యాంకులో సంఘం వాయిదా కడుతుంది. బస్సెక్కి ఎం.జి.ఎం. ఆస్పత్రికి పోయి, అక్కడున్న అత్తగారికి క్యారియరు అందిస్తుంది. నడిచి వెళ్ళి కూరగాయలు కొంటుంది. మళ్ళీ బస్సులో బడి విడిచే వేళకు కాజీపేట చేరుతుంది. పిల్లవాణ్ణి తీసుకుని నడిచి ఇంటికొస్తుంది. మొత్తం ఆరు ప్రయాణాలు. ఆమె భర్త పొద్దున ఆఫీసుకు పోతాడు, సాయంత్రం వస్తాడు. అవి రెండు. సర్వే అబ్బాయి వచ్చి ఇంటి యజమానిని "మీ ఇంట్లో పనికి వెళ్ళేవాళ్ళెందరు? ఎలా వెళతారు?" అని అడిగాడనుకోండి. కాగితం మీద రెండు ప్రయాణాలు పడతాయి. ఆరు తిరిగినావిడ పేరు పక్కన "గృహిణి" అని రాసుకుని వెళ్ళిపోతాడు.

ఇది నా ఊహే అనుకుంటారేమో. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో పనికి వెళ్ళే దూరం, వెళ్ళే సాధనం అడిగి పట్టికలు వేశారు. మంచి పనే. అయితే ఆ ప్రశ్న పనిచేసేవాళ్ళకే. అందులోనూ సేద్యం, కూలి, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవాళ్ళకే. నాట్లకు ఊరి నుంచి ఊరికి పోయే కూలి తల్లి ఆ పట్టికలో లేదు. ఇంట్లో బీడీలు చుట్టి కార్ఖానాలో అప్పగించి వచ్చే చెల్లెలూ లేదు. బడి, బజారు, ఆస్పత్రి, పుట్టిల్లు అంటూ తిరిగే తిరుగుడు అసలే లేదు.

మన దగ్గరే ఇలా అనుకోకండి. ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో 1999లో నగరపాలకులు ఒక పేటవాళ్ళకు ప్రశ్నల కాగితాలిచ్చారు. మగవాళ్ళలో చాలామంది అయిదు నిమిషాల్లో నింపేసి ఇచ్చారు. ఆడవాళ్ళు రాస్తూనే ఉన్నారట! పిల్లలతో డాక్టరు దగ్గరికి, అక్కడినుంచి బడికి, తర్వాత సరుకులకు, ఆపైన అమ్మగారింటికి. ఆ నగరం ఆ కాగితాలను చదివింది. కాలిబాటలు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు, మెట్లున్నచోట పిల్లల బండి తోసుకెళ్ళే వాలు దారులు వేశారు. ఊరు అదే, మనుషులూ అదే. రాసి ఇచ్చారు గనుక కనిపించింది.

మన రాష్ట్రంలో ఈ కనపడని ప్రయాణాలు ఒక్కసారిగా బయటపడ్డ రోజు 2023 డిసెంబరు 9. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేకుండా చేశారు. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తారు. 2025 జూలై నాటికి అలాంటి టికెట్లు 200 కోట్లకు చేరాయని ఆర్టీసీ ప్రకటించింది. ఈ ప్రయాణాలన్నీ ఉత్తినే పుట్టుకొచ్చాయా? "ఊరికే తిరుగుతున్నారు" అనేవాళ్ళు అన్నారు. వీటిలో ఆటోల నుంచి బస్సుకు మారినవి కొన్ని. డబ్బు లేక కాళ్ళతో నడిచినవి కొన్ని. ఆస్పత్రికి వచ్చే నెల పోదాంలే, అమ్మను పండక్కి చూద్దాంలే అని వాయిదా వేసుకున్నవి ఇంకొన్ని. రవాణా శాస్త్రంలో వీటిని అణగి ఉన్న గిరాకీ అంటారు. కొంగు ముడిలో దాచుకున్న కోరికలని మనం అనుకోవచ్చు.

ఈ సున్నా టికెట్టు తక్కువదేం కాదు. ఎక్కడెక్కింది, ఎక్కడికి కొన్నది, ఏ వేళకు అన్నవి యంత్రంలో నమోదవుతాయి. ఆడవాళ్ళ ప్రయాణాలకు ఇంత పెద్ద ఖాతా మనకిదివరకు లేదు. అందుకే, డబ్బు లేదు కదా టికెట్టెందుకని తీసుకోకుండా కూర్చోకండి. మీరు తీసుకున్న టికెట్టు, మీ స్టాపులో మీరున్నారని చెప్పే సాక్ష్యం.

అయితే ఆ యంత్రానికీ ఒక గుడ్డితనం ఉంది. ఎక్కినవాళ్ళనే అది లెక్కపెడుతుంది. నిండిన బస్సు ఆగకుండా పోతే, స్టాపులో మిగిలిపోయిన పదిమంది దానికి తెలియదు. ఆ పూట అక్కడ టికెట్టు పడదు. టికెట్లు లేవు గనుక అక్కడ గిరాకీ లేదని కాగితం చెబుతుంది. గిరాకీ లేదు గనుక ట్రిప్పు తగ్గిస్తారు. ట్రిప్పు తగ్గితే ఉన్న బస్సు ఇంకా నిండిపోతుంది. గానుగెద్దులా అదే చుట్టూ తిరుగుతుంది లెక్క. ఈ తిరుగుడు ఆపాలంటే ఎక్కలేకపోయినవాళ్ళు కూడా తమ లెక్క చెప్పుకోవాలి.

ఇక నడక మాట. మనం "బస్సు ప్రయాణం" అంటాం గాని, ప్రతి బస్సు ప్రయాణమూ కాళ్ళతో మొదలై కాళ్ళతోనే ముగుస్తుంది. ఇంటినుంచి స్టాపుకు, స్టాపునుంచి చేరాల్సిన చోటికి. ఆ రెండు తునకలూ బాగాలేకపోతే మధ్యన ఎంత మంచి బస్సున్నా ప్రయోజనం సగమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ మన దేశంలో రోడ్లకు కొలతలు నిర్ణయిస్తుంది. కాలిబాట మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఇంచుమించు ఆరడుగుల వెడల్పు ఉండాలని దాని సూచన. ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు మించకూడదు. ఎందుకు ఆరడుగులు? ఎదురెదురుగా వచ్చే ఇద్దరు ఒకరినొకరు రాసుకోకుండా పోవాలి. చక్రాల కుర్చీ పోవాలి. ఎత్తు ఎందుకు తక్కువ? మోకాళ్ళ నొప్పుల అత్తగారు ఎక్కి దిగాలి. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకుని మీ స్టాపు దగ్గరి కాలిబాటను ఒకసారి కొలిచి చూడండి. స్తంభం, బండి, కాలువ మూత తీసేయగా మిగిలిందే అసలు వెడల్పు.

నడిచే మనుషుల కదలికకు కూడా శాస్త్రముంది. అమెరికా ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1971లో అచ్చయిన తన పుస్తకంలో ఒక్కో మనిషికి ఎంత చోటుంటే ఎంత హాయిగా నడవగలరో మెట్లు మెట్లుగా చెప్పారు. అటు మీటరు, ఇటు మీటరు ముగ్గు వేశారనుకోండి. అందులో ఒక్కరో ఇద్దరో ఉంటే ఒకరినొకరు రాసుకోకుండా నడవగలరు. నలుగురైదుగురైతే కాలు తీసి కాలు వెయ్యడం కష్టం. ఏడుగురైతే ఇక మనిషి తన కాళ్ళమీద తాను లేనట్టే. జనం నీళ్ళలా అయిపోతారు, అల ఎటు తోస్తే అటు పోవాలి.

1995లో డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నడిచే మనుషులకు ఒక నమూనా కట్టారు. ప్రతి మనిషినీ తాను పోవాల్సిన చోటు ముందుకు లాగుతుంది. పక్క మనిషి, గోడ కాస్త ఎడంగా తోస్తాయి. ఈ లాగుడూ తోపుడూ కంప్యూటరులో పెట్టి చూస్తే, బొమ్మ మనుషులు అచ్చంగా బజారులో మనలాగే వరుసలు కట్టి నడిచారు. 2000లో హెల్బింగ్, మరో ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. తలుపు దగ్గర అందరూ తొందరపడితే, అందరూ ఆలస్యంగా బయటపడతారు. గరాటులో బియ్యం మెల్లగా పోస్తే జారిపోతాయి, ఒక్కసారి దిమ్మరిస్తే మూతి దగ్గర బిగుసుకుంటాయి. బస్సు తలుపు దగ్గర మన తోపులాటకూ ఇదే సూత్రం. దిగేవాళ్ళను దిగనిచ్చి ఎక్కితే ఆ మర్యాద వల్ల మన నిమిషాలే మిగులుతాయి.

ఇది నిమిషాలతో పోయే విషయమైతే నేనింత చెప్పేదాన్ని కాదు. 2017 సెప్టెంబరు 29న ముంబయిలో, అప్పట్లో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ అని పిలిచే స్టేషనులో, వాన పడుతుంటే ఇరుకు మెట్ల వంతెన మీద జనం ఆగిపోయారు. వెనకనుంచి రైళ్ళు దిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు. 23 మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషనులో కుంభమేళా ప్రయాణికుల రద్దీలో 18 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. వీళ్ళంతా రైలు కోసం, ఇంటి కోసం నడుస్తున్నవాళ్ళు. ఎన్ని రైళ్ళు, ఎన్ని సీట్లు అన్న లెక్క ఒకటి. ఆ రైలు దాకా ఎన్ని జతల కాళ్ళు ఒకేసారి ఏ మెట్లు ఎక్కుతాయన్న లెక్క ఇంకొకటి. ఈ రెండో లెక్క తప్పిన చోట ప్రాణాలు పోతాయి.

మన దగ్గర ఈ రెండు లెక్కలూ కలిసి పరీక్షకు వచ్చేది మేడారంలో. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చే జనం కోటికి పైనేనని అధికారుల అంచనా. 2024 జాతరకు 6 వేల ప్రత్యేక బస్సులు నడుపుతున్నట్టు ఆర్టీసీ ప్రకటించింది. వెళ్ళేటప్పుడు జనం రోజులకు రోజులు విడివిడిగా వెళతారు. తల్లులు గద్దెలెక్కి దర్శనమయ్యాక అందరికీ ఇల్లు ఒక్కసారే గుర్తొస్తుంది! అందుకే అక్కడ తాత్కాలిక బస్టాండు కట్టి, ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి వరుసగా ఇనుప కమ్మీలు పాతుతారు. ఆ కమ్మీలు చూసి "పశువుల్ని నిలబెట్టినట్టు" అని విసుక్కుంటాం. నిజానికి బస్సు తలుపు దగ్గర గరాటు బిగుసుకోకుండా, బియ్యం మెల్లగా జారేలా చేసేది ఆ కమ్మీలే.

కాని ఒక్క మాట. ఫ్రూయిన్ లెక్కలోని మనిషి పైనుంచి చూస్తే 18 అంగుళాలు, 24 అంగుళాల కోడిగుడ్డు ఆకారం. ఒంటరి మనిషి. మేడారం పోయే మన తల్లి ఒంటరిగా ఉంటుందా? చంకలో ఒకరు, చేతిలో ఇంకొకరు, భుజాన సంచి, నెత్తిన బంగారమని పిలుచుకునే బెల్లం. ఆమెకు ఒక మనిషి చోటు చాలదు, ఒక మనిషి వేగమూ రాదు. ఆమెను ఒక్కరిగా లెక్కేసి వెడల్పు నిర్ణయిస్తే దారి మొదటినుంచీ ఇరుకే. కాబట్టి లెక్క వేసేవాళ్ళు ఆమెను చూడాలి, ఆమె నడకను కొలవాలి. మన ఆడపిల్లలు ఈ చదువు చదవాలని నేననడం ఇందుకే.

మరి మనం చేయగలిగిందేమిటి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, సర్వేకు ఎవరైనా వస్తే "ఆయన వచ్చాక రండి" అనకండి. మీ ప్రయాణం మీరే చెప్పండి. నడిచినది, పిల్లల్ని దింపినది, నీళ్ళ డబ్బా కోసం పోయినది, అన్నీ చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

రెండోది, మహిళా సంఘాల్లో ఉన్నవాళ్ళు ఒక వారంపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ రోజు, ఏ వేళకు, ఏ స్టాపులో ఎంతసేపు నిలబడ్డారు, ఎన్ని బస్సులు ఆగకుండా పోయాయి, ఎందరు మిగిలిపోయారు అన్నవి రాయండి. పదిమంది రాసిన వారం రోజుల పుస్తకాన్ని డిపో మేనేజరుగారి చేతిలో పెడితే, వంద నోటి ఫిర్యాదులకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆయనకు కావలసింది కూడా అంకెలే.

మూడోది, స్టాపు దాకా ఉన్న దారి నగరపాలక సంస్థది, బస్సు ఆర్టీసీది. రెండు చోట్లా అడగాలి. కాలిబాట కొలిచిన అంకెతో అడగండి.

నాలుగోది, జాతరలోగాని స్టేషనులోగాని జనం మధ్య చిక్కుకుంటే ఎదురు తిరిగి తోయకండి. చేతులు రెండూ ముడిచి గుండెకు ముందు కాస్త ఎడంగా పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. పిల్లల్ని కింద నడిపించకుండా ఎత్తుకోండి. అల ఆగిన ప్రతిసారీ ఒక అడుగు పక్కకు, అంచువైపు జరగండి. కింద పడిన చెప్పు కోసం, సంచి కోసం వంగవద్దు. వస్తువులు మళ్ళీ కొనుక్కోవచ్చు.

సోదరీమణులారా, పెళ్ళిలో విస్తళ్ళు తక్కువ పడితే తప్పు వడ్డించినవాళ్ళది కాదు, పిలుపుల చీటీలో పేరు రాయనివాళ్ళది. బస్సుల చీటీలో మన పేరు మనమే రాయించుకోవాలి. రేపు ఇంట్లోంచి బయలుదేరి మళ్ళీ ఇల్లు చేరేదాకా మీరెన్ని ప్రయాణాలు చేశారో ఒక్కసారి వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. ఆ అంకె ముందు మన ఇంట్లోవాళ్ళకు తెలియాలి, ఆ తర్వాత ఊరికి తెలియాలి.